విషయం: మీ షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ తెల్లారేసరికి ప్లాను మార్చేయడం, అడిగితే మీవాళ్లు టికెట్ మూసేయడం

సపోర్టు విభాగం అధిపతి గారికి,

నమస్కారం. సాఫ్ట్‌వేర్ అన్నాక తప్పులుంటాయి. మా అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ముడతల అట్ట తయారుచేసే కారుగేటర్ మాత్రం రోజూ బుద్ధిగా నడుస్తుందా? మా కోపం ఆ తప్పు మీద కాదు. చెప్పిన ప్రతిసారీ ‘సమస్య పరిష్కారమైంది’ అని మీరే రాసుకుని, టికెట్ మీరే మూసేసి, పైగా మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని అడుగుతున్నారే, దాని మీద.

మొదట చాట్‌లో ఒకాయన స్క్రీన్‌షాట్ అడిగారు, పంపాం. తర్వాతి ఆవిడ స్క్రీన్‌షాట్ చాలదు, వీడియో కావాలన్నారు, పంపాం. ఇంకొకాయన బ్రౌజర్ మార్చి చూడమన్నారు. ప్లాను మారేది మీ సర్వర్‌లో అయితే మా బ్రౌజర్ ఏం చేస్తుందండీ? ఆ పైమెట్టు వారు ‘ఇది తప్పు కాదు, డైనమిక్ రీషెడ్యూలింగ్ అనే సౌకర్యం’ అని సెలవిచ్చారు. మేం జవాబు రాస్తే అది వెళ్లింది జవాబులు తీసుకోని మెయిల్ ఐడీకట. ఆనక ‘మీ నుంచి స్పందన లేనందున’ టికెట్ మూసేశారు. ఈ సందులోనే మీ సేల్స్ వారు ఫోన్ చేసి ప్రీమియం మాడ్యూల్ కొంటారా అని అడిగారు. ఆ నంబరుకు మాత్రం మా సంగతి ఎలా చేరిందో!

ఇంతకీ జరుగుతున్నదేమిటో మళ్లీ రాస్తున్నాం, చదివేవారుంటారన్న ఆశతో. మీ రాత్రి ప్లానింగ్ రన్ 12 గంటలకు అని స్క్రీన్ మీద ఉంటుంది. అది సర్వర్ గడియారం, యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం). మనకు ఉదయం 5:30. మా ఏ షిఫ్టు 6 గంటలకు. అప్పటికే కాగితం రీళ్లు స్టాండ్‌కెక్కి, మొదటి జాబు (ఆర్డరు పని) స్టీరియోలు, అంటే అచ్చు ప్లేట్లు, ప్రింటర్ సిలిండర్‌కు బిగించి ఉంటాయి. 12 గంటల ఫ్రీజ్ (ఆలోపు నడిచే జాబులు కదలకుండా బిగించడం) పెట్టాం కదా, ఎలా మారుతుందంటారా? ఫ్రీజ్‌ను జాబు మెషీన్ ఎక్కే సమయం నుంచి లెక్కపెట్టాలి. మీది డెలివరీ తేదీ నుంచి లెక్కపెడుతోంది. డెలివరీ ఎల్లుండి అయితే, ఇంకో అరగంటలో నడవబోయే జాబునైనా మీది నిశ్చింతగా కదిలించేస్తుంది.

దాని ఖరీదు చూడండి. 1600 మి.మీ. రీలు మీద 480 వెడల్పు అట్టలు రెండు, 610 ది ఒకటి జతకలిపి వేస్తే ట్రిమ్ (అంచు వృథా) 30 మి.మీ. పోతుంది. తెల్లవారుజామున మీరు 610 జాబును లాగేస్తే మిగిలేది 480 లు మూడు, ట్రిమ్ 160. అంటే రీల్లో పదో వంతు నేరుగా వృథా కాగితాన్ని కట్టలు కట్టే బేలింగ్ మెషీన్‌లోకి. లాగిన జాబును ముందు రోజు అట్టతోనైనా నడిపిస్తారా అంటే అదీ లేదు. అప్పుడే కారుగేటర్ దిగిన అట్టను, అచ్చు వేసి గాళ్లు కోసే ప్రింటర్ స్లాటర్‌కు పంపమంటుంది. గమ్ తడి ఆరకుండా రోలర్ల కింద పెడితే ఫ్లూట్ (అట్ట లోపలి ముడత) నలుగుతుంది, అట్ట వంగుతుంది, పెట్టె బలం పోతుంది. ఇంకు వరుసా అంతే: లేత రంగు నుంచి ముదురుకు పోవాల్సింది, నలుపు తర్వాత పసుపు పెడుతుంది. మధ్యలో కడుగుడు అదనం.

లీన్ (వృథా తగ్గించే ఉత్పత్తి పద్ధతి) అంటే ప్రతి నిర్ణయాన్నీ ఆఖరి క్షణం దాకా లాగడం కాదు. ఏ నిర్ణయం ఎంతవరకు ఆగగలదో తెలియడం. రీలు కేటాయింపు, డెకిల్ జతలు (రీలు వెడల్పులో ఏ అట్టలు పక్కపక్కన పడాలో) ముందు రోజు సాయంత్రానికే తేలాలి. ప్రింటర్ వరుస, ఆరిన అట్టను చూసి షిఫ్టు మొదట్లో సర్దుకోవచ్చు. స్టిచింగ్, పేస్టింగ్‌కు అసలు షెడ్యూలే వద్దు, ముందొచ్చింది ముందు పోతే చాలు. మీరు మూడింటినీ ఒకే గంటకు, అదీ రాకూడని గంటకు, తిరగరాస్తున్నారు. రన్‌ను సాయంత్రం 6 కు మార్చి, ఫ్రీజ్‌ను మొదలయ్యే సమయానికి కట్టి, మార్పులు ప్లానర్ ఒప్పుకున్నాకే ఫ్లోర్‌కు వెళ్లేలా చేస్తే మా గొడవ తీరిపోతుంది. ఇది మీ పాత ఇంజనీర్లకు ఒక్క పూట పని.

అవును, పాతవాళ్లు. మీ పేరు ఎవరికీ తెలియనప్పుడు మిమ్మల్ని నమ్మి తీసుకున్నాం. మీ డెవలపర్లు మా ఫ్లోర్ మీద నిలబడి డెకిల్ అంటే ఏమిటో నేర్చుకున్నారు. ఇప్పుడు మీ డెమోలో మెరిసే గ్రాఫు మా అంకెలతో గీసిందే. దాన్నింకా చూపించుకోండి, కాదనం, కానీ మా ఫోన్ ఎత్తండి.

ఎత్తకపోతే ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) చెల్లింపు ఆపుతున్నాం. గోడ మీది వైట్‌బోర్డు ఇంకా తీసేయలేదు, మార్కర్లూ ఉన్నాయి. మాలాంటి అట్టపెట్టెల ఫ్యాక్టరీలవాళ్లు మీ గురించి అడిగితే ఈ లేఖే పంపిస్తాం, లాయర్‌కు కూడా.

దీనికి మాత్రం టికెట్ నంబరు ఇవ్వకండి. కారుగేటర్‌ను కళ్లతో చూసిన మనిషితో ఫోన్ చేయించండి. ఉదయం 5:30 అయినా పరవాలేదు, మీ పుణ్యమా అని ఆ వేళకు మేమంతా మేలుకునే ఉంటాం.

ఇట్లు,
ప్లానింగ్ విభాగం,
పటాన్‌చెరు