జువెనైల్ వెల్ఫేర్ శాఖ సంచాలకులకు బహిరంగ లేఖ

అయ్యా,

బాలల న్యాయ చట్టం, 2015లోని 53వ సెక్షన్ మానసిక ఆరోగ్య సేవలతో పాటు, అవసరమైన పిల్లలను వ్యసన విముక్తి చికిత్సకు పంపే ఏర్పాటునూ పేర్కొన్నందున, సైదాబాద్ అబ్జర్వేషన్ హోంలో (నేరారోపణపై విచారణలో ఉన్న బాలురను ఉంచే వసతి గృహం) మత్తుకు అలవాటుపడిన బాలురకు శిక్షణ పొందిన కుక్కల సాహచర్యాన్ని చికిత్సలో భాగం చేయవలసిందిగా కోరుతున్నాను.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో, మెక్‌లారెన్ బాలల నిర్బంధ కేంద్రంలో 1993లో మొదలైన ప్రాజెక్ట్ పూచ్‌లో కుర్రాళ్లే దిక్కులేని కుక్కలకు శిక్షణనిచ్చి దత్తతకు సిద్ధం చేశారు. కోపంతో అరిస్తే కుక్క దగ్గరకు రాదు. ఓర్పు నేర్పడంలో మన ఉపన్యాసాల కన్నా అదే మెరుగని నా అభిప్రాయం.

ఇది మందులకు, కౌన్సెలింగ్‌కు తోడే గాని బదులు కాదు. రేబిస్ టీకాలు, శిక్షకుని పర్యవేక్షణ, కుక్కలకు విశ్రాంతి తప్పనిసరి; వీధికుక్కల భయం ఎరిగిన నగరం గనుక, వద్దన్న పిల్లవాణ్ని బలవంతపెట్టకూడదు. ముందుగా వారానికొక పూట ప్రయోగాత్మకంగా అనుమతించగలరు.

ఇట్లు,
ఒక హైదరాబాద్ పౌరుడు