ప్రహరీ గోడ దాకా రెండు కిలోమీటర్లు

సంపాదకుడు గారికి,

శంషాబాద్ చుట్టుపక్కల హోటళ్లు జోరుగా వెలుస్తున్నాయనీ, విమాన ప్రయాణికులకు అందుబాటు ధరల్లో ఆతిథ్యం దొరుకుతోందనీ పది రోజుల క్రితం మీ పత్రికలో వచ్చిన వార్త చదివాను. ఆ ఆతిథ్యం పుచ్చుకున్న మా అక్కకు నడుము నొప్పి తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు కనుక రాస్తున్నాను.

మా అక్కా బావగారూ విశాఖ నుంచి రాత్రి ఎనిమిదిన్నరకు ఇక్కడ దిగి, తెల్లవారుజామున మస్కట్ విమానం ఎక్కాలి. అక్కడ కూతురికి పురుడు. రెండు టికెట్లూ విడివిడిగా కొన్నవి కాబట్టి మధ్యలో రాత్రి ఎక్కడ తలదాచుకుంటారన్నది ఏ విమాన సంస్థకూ పట్టదు, పట్టాలని నేనూ అనను. కుషాయిగూడలోని మా ఇంటికి తీసుకువచ్చి మళ్లీ దిగబెట్టాలంటే రానూపోనూ దాదాపు ఎనభై కిలోమీటర్లు. బేగంపేటలో విమానాలు దిగిన రోజుల్లో చుట్టాలు ఇంటికి వచ్చి, నాలుగు మెతుకులు తిని, ఓ కునుకు తీసి వెళ్లేవారు. 2008లో విమానాశ్రయం శంషాబాద్‌కు తరలినప్పుడు అందరితోపాటు నేనూ మురిసిపోయాను. చుట్టాన్ని ఊరి బయటే పడుకోబెట్టి సాగనంపే ఆచారం కూడా ఆనాడే మొదలైందని అప్పట్లో తోచలేదు.

యాప్‌లో చూసి ఒక 'ఎయిర్‌పోర్టు హోటల్'లో గది తీసుకుని, వారితో కాసేపు గడపవచ్చునని నేనూ అక్కడికే వెళ్లాను. విమానాశ్రయానికి రెండు కిలోమీటర్లని యాప్‌లో ఉంది. క్యాబ్ మీటరు మాత్రం టెర్మినల్ నుంచి తొమ్మిది చూపించింది. కౌంటరులో అడిగితే ఆ కుర్రవాడు ఏమాత్రం తడబడకుండా, "రెండు కిలోమీటర్లు కాంపౌండ్ వాల్ దాకా సార్" అన్నాడు. దాదాపు 5,500 ఎకరాల విమానాశ్రయానికి ప్రహరీ ఎంత పొడవుంటుందో, దాని పక్కన ఎన్ని హోటళ్లు 'దగ్గర' కాగలవో మీరే లెక్క వేసుకోండి. ఇక ఉచిత వాహనం ఐదు నిమిషాల్లో వస్తుందని ముప్పావుగంట పాటు చెప్పి, చివరికి డ్రైవరు భోజనానికి వెళ్లాడన్నారు.

గది మూడో అంతస్తులో ఉంది, లిఫ్టు మరమ్మతులో ఉంది. అక్కకు మోకాళ్ల నొప్పులు. దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆకారంలో కాలిన మచ్చ, దాన్ని కప్పడానికన్నట్టు సరిగ్గా దాని మీదే మడిచిపెట్టిన తువ్వాలు. గీజరు స్విచ్ గదిలో ఉండదట, వేడినీళ్లు కావాలంటే కింద కౌంటరుకు ఫోన్ చేయాలట, ఫోను పనిచేయదు. ఆరు గంటల బసకు రోజంతటి అద్దె, అది గాక టీవీ రిమోట్‌కు అయిదు వందల డిపాజిట్. జీఎస్టీ బిల్లు అడిగితే, "బిల్లు కావాలంటే రేటు వేరే సార్" అని మర్యాదగానే చెప్పాడు. గది అద్దెలపై పన్ను 5 శాతానికి తగ్గించామని ప్రభుత్వం చెప్పుకొంటోంది. ఈ హోటలువారు అంతకన్నా ఉదారంగా సున్నాకు దించేశారు.

ఇవన్నీ నవ్వుకుని వదిలేసేవాణ్ణే. రాత్రి మంచినీళ్ల కోసం కిందికి దిగుతూ అత్యవసర ద్వారం చూశాను. తాళం వేసి ఉంది, దానికి అడ్డంగా పాత పరుపులు పేర్చారు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూము ఉన్న లాడ్జిలో మంటలు లేచి ఎనిమిది మంది మరణించారు. ఆ తర్వాత కొన్నాళ్లు తనిఖీలన్నారు, నోటీసులన్నారు. ట్రేడ్ లైసెన్సు ఇచ్చే ముందు ఈ మెట్లు ఎక్కి చూసిన అధికారి ఎవరైనా ఉంటే, ఆ పరుపుల మీదే కాసేపు విశ్రమించి వెళ్లారేమో!

కింద హాల్లో జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్లే పిల్లలు ఆరేడుగురు, ప్లాస్టిక్ తాడుతో కట్టి పేర్లు రాసుకున్న అట్టపెట్టెలకు ఆనుకుని నేల మీద నిద్రపోతున్నారు. వారి దగ్గరా తలకు మూడు వందలు వసూలు చేశారట. అప్పు చేసి వీసా కొనుక్కున్నవాడి దగ్గర గచ్చుకు కూడా అద్దె! రైలు ప్రయాణికుల కోసం నాంపల్లి స్టేషను దగ్గర నిజాం కాలంలోనే సరాయి కట్టించారు. రైల్వే రిటైరింగ్ గదులు నేటికీ 12 గంటల లెక్కన దొరుకుతాయి. ప్రపంచ స్థాయి నగరమని రోజుకు పదిసార్లు చెప్పుకునే మనకు, విమానం దిగిన సామాన్యుడు ఆరు గంటలు నడుం వాల్చడానికి ఆ మాత్రం ఏర్పాటు చేతకాదా?

నేను కోరేది పెద్దదేమీ కాదు. పేరులో 'ఎయిర్‌పోర్టు' అని పెట్టుకున్న ప్రతి హోటలూ టెర్మినల్ ద్వారం నుంచి రోడ్డు మార్గాన ఎంత దూరమో బోర్డు మీదా యాప్‌లోనూ రాయాలి. గంటల లెక్కన అద్దె ఎంతో కౌంటరు దగ్గర కనబడేలా పెట్టాలి. ఆ తలుపు తాళం తీయించే బాధ్యత ఏ శాఖదో అధికారులు తమలో తాము తేల్చుకుని మీ పత్రిక ద్వారానే ప్రకటిస్తే సంతోషిస్తాను.

అక్క మస్కట్ చేరగానే ఫోన్ చేసింది. మనవడు పుట్టాడని చెప్పి, రిమోట్ డిపాజిట్ తిరిగిచ్చారా అని అడిగింది. ఇంకా ఇవ్వలేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
కుషాయిగూడ, హైదరాబాద్.