మందు మానొద్దంటారు సరే, డాక్టరు వినకపోతే?

సంపాదకులకు నమస్కారం.

మానసిక ఆరోగ్యం మీద వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే మాటతో ముగుస్తాయి: డాక్టరును అడగకుండా మందులు మానొద్దు. ఆ మాట నిజమే. అడగబోతే వినిపించుకోని డాక్టరు ఎదురైతే ఏం చేయాలో మాత్రం ఎవరూ రాయరు. మధ్యలో మందు మానేసినవాళ్లందరినీ మొండివాళ్లని అనుకోవడం అన్యాయం. వాళ్లలో చెప్పి చెప్పి విసిగిపోయినవాళ్లూ ఉంటారు. ఆ విసుగుకూ, మందు మానేయడానికీ మధ్య చేయగలిగిన పనులు చాలా ఉన్నాయి. వాటి గురించే ఈ ఉత్తరం.

ముందు ఒక తేడా గుర్తించాలి. వినకపోవడం వేరు, విని ఒప్పుకోకపోవడం వేరు. డిప్రెషన్ మందు పనిచేస్తోందో లేదో తేలాలంటే సరైన డోసు మీద నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. వికారం, తలనొప్పి లాంటివి మొదటి ఒకటి రెండు వారాల్లో వచ్చి చాలామందికి వాటంతటవే సర్దుకుంటాయి. అందుకని ఇంకొన్నాళ్లు చూద్దామని కారణంతో సహా చెప్పిన డాక్టరు మీ మాట విన్నట్టే. మాట పూర్తి కాకముందే పాత మందులే మళ్లీ రాసి చీటీ చేతిలో పెట్టేస్తే, వినలేదని అప్పుడు అనుకోవాలి.

మిగతా వైద్యంలో ఎక్స్‌రేనో రక్తపరీక్షో డాక్టరు పొరపాటును కొంతవరకు పట్టిస్తుంది. మానసిక వైద్యంలో చాలావరకు రోగి మాటే పరీక్ష. ఆ మాటను జబ్బు ఖాతాలో వేసేస్తే ఇక దిద్దుకునే దారి ఉండదు. దీనికి అన్నిటికంటే పెద్ద ఉదాహరణ అకతీసియా, అంటే మందు వల్ల వచ్చే కుదురులేనితనం. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ వంటి యాంటీసైకోటిక్ మందులు (భ్రమలు, భ్రాంతులు వంటి వాటికి ఇచ్చేవి) మొదలుపెట్టాక, లేదా డోసు పెంచాక, కొద్ది రోజుల నుంచి కొన్ని వారాల్లోపు ఇది రావచ్చు. కొన్ని డిప్రెషన్ మందులతో, వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్‌తో కూడా వస్తుంది. కూర్చుంటే కుదురుండదు. నిలబడితే బరువు ఈ కాలు మీది నుంచి ఆ కాలు మీదికి మారుతూనే ఉంటుంది. మనిషి కాలుగాలిన పిల్లిలా గదిలో తిరుగుతాడు, లోపల ఎవరో తరుముతున్నట్టు ఉంటుంది. ఇంట్లోవాళ్లు "ఆందోళన పెరిగింది" అని చెబుతారు. డాక్టరు జబ్బు ముదిరిందనుకుని అదే మందు పెంచుతాడు. దాంతో బాధ రెట్టింపవుతుంది. ఈ బాధ భరించలేక చనిపోవాలన్న ఆలోచనలు వచ్చేవాళ్లూ ఉన్నారు కాబట్టి దీన్ని చిన్న సైడ్ ఎఫెక్టు కింద కొట్టిపారేయకూడదు. డోసు తగ్గించడం, మందు మార్చడం, ప్రొప్రనలాల్ ఇవ్వడం లాంటి ఉపాయాలు డాక్టరు చేతిలో ఉన్నాయి (ఉబ్బసం ఉన్నవారికి ప్రొప్రనలాల్ పనికిరాదు, ఆ సంగతి ముందే చెప్పాలి). కానీ ముందు అది మందు వల్ల వచ్చిందని ఎవరికో ఒకరికి అనుమానం రావాలి కదా!

ఆ అనుమానం రప్పించే తీరులో చెప్పడం నేర్చుకోవచ్చు. "నాకేం బాగాలేదు డాక్టరుగారూ, ఈ మందు పడలేదు" అంటే డాక్టరుకు పట్టుకోవడానికి ఏమీ దొరకదు. మందు పేరు, డోసు, తేదీ, ఆ తర్వాత వచ్చిన మార్పు, దానివల్ల ఆగిపోయిన పని, ఈ వరసలో చెప్పాలి. ఉదాహరణకు: "5వ తేదీన రిస్పెరిడోన్ 2 నుంచి 4 మిల్లీగ్రాములకు పెంచారు. 8వ తేదీ నుంచి పది నిమిషాలు కూడా కూర్చోలేకపోతున్నాను. ఆరు గంటల నిద్ర మూడు గంటలయింది. డోసు పెంచకముందు ఇలా లేదు." ఇందులో తేదీలే సాక్ష్యం. అమెరికాలో 1984లో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో సాధారణ వైద్యులు రోగి మాటకు సగటున 18 సెకన్లకే అడ్డుపడినట్టు తేలింది. అందుకే అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మొదటి వాక్యంలోనే రావాలి. గుమ్మం దాటబోతూ చెప్పే మాటగా అది మిగిలిపోకూడదు.

అరపేజీ కాగితం మీద మూడు విషయాలకు మించకుండా రాసుకుని, దాని నకలు డాక్టరు ముందు పెట్టండి. నోటితో చెప్పలేని సంగతులకు ఈ కాగితం మరీ అవసరం. లైంగిక ఆసక్తి పోవడం, నెలసరి ఆగిపోవడం, బిడ్డ లేకుండానే రొమ్ముల్లో పాలు రావడం సిగ్గుతో ఎవరూ చెప్పరు. చివరి రెండూ రిస్పెరిడోన్ వంటి మందులతో ప్రొలాక్టిన్ అనే హార్మోను పెరిగినప్పుడు కనిపిస్తాయి, ఆ పెరుగుదల ఒక రక్తపరీక్షతో బయటపడుతుంది. వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి, నొప్పుల మాత్రలతో సహా. లిథియం (బైపోలార్ జబ్బుకు ఇచ్చే మందు) వాడేవారు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పుల మాత్రలు వేసుకుంటే రక్తంలో లిథియం పెరుగుతుంది. లిథియం స్థాయి చూసే పరీక్షకు చివరి డోసు వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి. వేళ తప్పితే అంకె తప్పుదారి పట్టిస్తుంది, మీ ఫిర్యాదు మళ్లీ పక్కకు పోతుంది.

బరువు గురించి చెబితే "తిండి తగ్గించండి" అనే జవాబు మామూలైపోయింది. బరువు పెంచగల ఓలాంజపిన్ అనే యాంటీసైకోటిక్ మందు మొదలుపెట్టిన రోజునే బరువు, నడుము కొలత, రక్తపోటు, పరగడుపున షుగరు, కొలెస్ట్రాల్ రాసి పెట్టించుకోండి. బరువు వారం వారం మీరే చూసుకుని రాసుకోవచ్చు. మిగతా పరీక్షలు మూడు నెలలకు మళ్లీ చేయించమని అడగండి. మొదటి అంకె లేనిదే పెరిగిందని రుజువు చేయలేం. అలాగే బైపోలార్‌కు, ఫిట్స్‌కు ఇచ్చే వాల్‌ప్రొయేట్ రాసినప్పుడు గర్భం వచ్చే వయసులో ఉన్న స్త్రీలు డాక్టరు ఎత్తేదాకా ఆగకుండా గర్భం మాట తామే ఎత్తాలి. గర్భంలో ఉండగా ఈ మందు సోకిన బిడ్డల్లో వందలో పదిమంది దాకా పుట్టుకతోనే లోపాలతో పుడతారు.

వాదన పెట్టుకుంటే గది వేడెక్కుతుందే తప్ప పని జరగదు. సూటి ప్రశ్నలు అడగండి. ఇది జబ్బు వల్లా, మందు వల్లా? ఏది అన్నది ఎలా తేలుస్తారు? ఎన్ని వారాలు చూద్దాం, అప్పటికీ తగ్గకపోతే తర్వాత ఏం చేస్తారు? థైరాయిడ్, బి12, రక్తహీనత పరీక్షలు అయ్యాయా? ఇన్ని అడిగినా మాట దాటేస్తే, మర్యాదగానే ఇలా అనండి: "నేను ఈ ఇబ్బంది చెప్పానని, మందు మార్చకపోవడానికి మీ కారణమేమిటో కేస్ షీట్‌లో రాయండి." రాయాల్సి వచ్చేసరికి చాలామంది డాక్టర్లు కలం ఆపి ఇంకోసారి ఆలోచిస్తారు.

తోడు వెళ్లే కుటుంబసభ్యులకూ ఒక మాట. మొదటి ఐదు నిమిషాలు రోగిని డాక్టరు దగ్గర ఒంటరిగా వదలండి. మీరు గమనించినవి తర్వాత చెప్పండి, కానీ రోగికి బదులు మీరే మాట్లాడకండి. డాక్టరు మీ వైపే తిరిగి అడుగుతుంటే "తననే అడగండి" అనండి. అయితే నిద్ర బాగా తగ్గినా అలసట లేకుండా, ఆపకుండా మాట్లాడుతూ, డబ్బు విపరీతంగా ఖర్చుపెట్టిన రోజులు గతంలో ఉంటే దాచొద్దు. బైపోలార్ (దిగులు, అతి ఉత్సాహం మార్చి మార్చి వచ్చే జబ్బు) ఉన్నవారికి డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే ఉన్మాదం వైపు తిరగవచ్చు.

కొన్ని లక్షణాలు కనిపిస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు. లిథియం వాడుతుండగా వాంతులు, విరేచనాలు, చేతులు పెద్దగా వణకడం, తూలడం, మాట తడబడటం, బైపోలార్‌కు, ఫిట్స్‌కు ఇచ్చే లామోట్రిజిన్ మొదలుపెట్టాక ఒంటి మీద దద్దుర్లు, క్లోజపిన్ అనే యాంటీసైకోటిక్ వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి, ఏ యాంటీసైకోటిక్‌తోనైనా తీవ్ర జ్వరంతో ఒళ్లు బిగుసుకుపోవడం, చనిపోవాలన్న ఆలోచన. వీటిలో ఏది కనిపించినా అదే రోజు అత్యవసర విభాగానికి వెళ్లాలి. మీ డాక్టరు ఫోన్ ఎత్తలేదని ఆగొద్దు.

కోపంతో ఒక్కసారిగా మానేయడం మాత్రం మీకే నష్టం. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ వంటి డిప్రెషన్ మందులు ఆపేస్తే ఒకటి రెండు రోజుల్లోనే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు అనిపించడం మొదలు కావచ్చు. దాన్ని చూసి "జబ్బు తిరగబెట్టింది, నేను చెప్పలేదా" అంటారు, మీ మాటకున్న విలువ ఇంకా తగ్గుతుంది. ఆందోళన తగ్గించే క్లోనజెపామ్ రోజూ వాడినవారు హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. తగ్గించాలనుకుంటే వారాలు, నెలల మీద మెట్టు మెట్టుగా తగ్గించే పద్ధతి రాసివ్వమని అడగండి.

ఒకటి రెండు సందర్శనలు ఇలా సిద్ధమై వెళ్లినా మార్పు లేకపోతే డాక్టరును మార్చండి. అందులో కృతఘ్నత ఏమీ లేదు. వెళ్లేముందు రికార్డుల నకళ్లు తీసుకుని, ఒక పట్టిక తయారుచేసుకోండి: ఇప్పటిదాకా వాడిన ప్రతి మందు పేరు, చేరిన గరిష్ఠ డోసు, ఎన్ని వారాలు వాడారు, ఎందుకు ఆపారు. పాత డాక్టరు మీద ఫిర్యాదుతో కాకుండా ఆ పట్టికతో మాట మొదలుపెట్టండి. కొత్త డాక్టరు బాధ్యత తీసుకుని తన చీటీ రాసేదాకా పాత మందులే కొనసాగించండి. అందుకని మాత్రలు అయిపోకముందే, కనీసం రెండు వారాలకు సరిపడా చేతిలో ఉండగానే, కొత్త అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఇట్లు,
మానసిక వైద్యం తీసుకుంటున్నవారి తరఫున కొందరు పాఠకులు