దిబ్బ మీద చెయ్యి వేస్తే నేరం, వదిలేస్తే?

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లో పాత కోట రాయి కదిపినా జైలేనని, మన దగ్గర అడిగే దిక్కే లేదు కాబట్టి శిక్షలు పెంచాలని ఈ మధ్య మీ పత్రికలో చదివాను. ఇక్కడ ఇంగ్లండ్‌లోనే ఉంటున్నదాన్ని కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను.

శిక్షల మాట నిజమే. ఇక్కడి 1979 పురాతన కట్టడాల చట్టం ప్రకారం రక్షిత కట్టడాన్ని కావాలని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు పడొచ్చు. అనుమతి లేకుండా అక్కడ మెటల్ డిటెక్టర్ వాడినా నేరమే. గుప్తనిధుల పిచ్చి ఇక్కడివాళ్లకూ తక్కువేం కాదు లెండి. అయితే యజమాని ఆ కోటను బాగుచేయించి తీరాలని అదే చట్టంలో ఎక్కడా లేదు. పైగా మొదటినుంచీ సాగులో ఉన్న చోట అదే లోతున దున్నుకోవడానికి విడిగా అనుమతి అక్కర్లేదని 1994 నాటి ఉత్తర్వు చెబుతోంది.

మా ఊరికి దగ్గర్లోనే ఫోదరింగే కోట ఉండేది. 1452లో మూడో రిచర్డ్ పుట్టిందీ, 1587లో స్కాట్లాండ్ రాణి మేరీకి మరణశిక్ష అమలు చేసిందీ అక్కడే. ఇప్పుడు నేన్ నది ఒడ్డున గడ్డి మొలిచిన మట్టిదిబ్బ, కంచె లోపల ఒక రాతిగోడ ముక్క మిగిలాయి. ఇలాంటి దిబ్బలకు దొంగల కంటే కుందేళ్ల బొరియలు, చెట్ల వేళ్లతోనే ఎక్కువ టెన్షన్. వాటి మీద కేసు పెట్టలేం కదా!

లింకన్‌షైర్‌లోని టాటర్‌షల్ కోట నిలబడిందంటే ఒక మనిషి డబ్బు పెట్టబట్టే. లోపలి రాతి పొయ్యిగూళ్లను పెరికి అమెరికా పంపబోతుంటే, 1911లో లార్డ్ కర్జన్ కోటను కొని, వాటిని వెనక్కి తెప్పించి, మరమ్మతులు చేయించాడు. మన దేశంలో 1904లో పురాతన కట్టడాల చట్టం తెచ్చిన వైస్రాయ్ ఆయనే. బెంగాల్‌ను చీల్చినందుకు ఆయన్ని తిట్టుకోవాల్సిందే, ఈ విషయంలో మాత్రం మెచ్చుకోక తప్పదు.

అందుకే శిక్షలు పెంచమని అడగడంతో ఆగకండి. ఇక్కడ హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాను ఏటా పేర్లతో సహా బయటపెడుతుంది. మన రెండు రాష్ట్రాల పురావస్తు శాఖలూ జిల్లాలవారీగా అలాంటి జాబితా ప్రకటించాలని, ఒక్కో కోట మరమ్మతుకు ఆ ఏడాది ఎంత ఖర్చుపెట్టారో దాని పక్కనే రాయాలని మీ పత్రిక గట్టిగా అడగాలి.

- ఒక పాఠకురాలు, పీటర్‌బరో, ఇంగ్లండ్