బిగ్‌బెన్ స్కాట్లాండ్‌లో లేదు

సంపాదకుల వారికి,

నమస్కారం. రెండు ఆదివారాల కిందట మీ అనుబంధంలో, ఇంగ్లండ్‌లాగే బ్రిటన్‌లో ఒక భాగమైన స్కాట్లాండ్ విడిపోవాలా అని 2014లో పెట్టిన ప్రజాభిప్రాయ సేకరణ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. రాయకూడదనే అనుకున్నాను. ఇన్ని రోజులు ఊరుకున్నాను కూడా. నిన్న గారెలు తీసి వేద్దామని పాత పేపరు పరిస్తే మళ్ళీ అదే పేజీ ఎదురైంది. స్కాట్లాండ్ వ్యాసం, దాని నెత్తిన బిగ్‌బెన్ ఫొటో. అది లండన్ గడియారం. హైదరాబాద్ గురించి రాసి పైన ఇండియా గేట్ బొమ్మ వేస్తే ఎవరైనా ఊరుకుంటారా?

ఫొటోతో పోతే సరే అనుకుందును. "ప్రపంచం నలుమూలలా ఉన్న స్కాట్‌లు తమ దేశం తలరాతను తేల్చుకున్నారు, అక్కడి భారతీయులు మాత్రం గట్టున నిలబడి చూశారు" అని రాశారు. సరిగ్గా తిరగేసి రాశారండీ. ఎంత తిరగేశారో చెప్పడానికి మా ఇల్లు ఒక్కటి చాలు.

నేను పుట్టింది స్కాట్లాండ్‌లోనే, గ్లాస్గోలో, 1976లో. నాన్న అక్కడ డాక్టరు. నాలుగో ఏట నన్ను తెనాలిలో అమ్మమ్మ దగ్గర దించి వెళ్ళారు, పదో తరగతి దాకా అక్కడే. తర్వాత మళ్ళీ గ్లాస్గో, చదువు, ఉద్యోగం. 2009లో పెళ్ళయి హైదరాబాద్ వచ్చాను. పాస్‌పోర్టు బ్రిటిష్‌ది, పక్కన భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డు. మా నాన్న నలభై ఏళ్ళు అక్కడ ఉండి కూడా ఇండియా పాస్‌పోర్టు వదల్లేదు. "ఎందుకు నాన్నా" అంటే "ఉండనీవే, తిండి పెట్టమంటోందా" అనేవాడు.

2014 సెప్టెంబరు 18, గురువారం. స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలా, అవును, కాదు. ఆ రోజు ఇండియా పాస్‌పోర్టు ఉన్న మా నాన్న కోటు, టై వేసుకుని వీధి చివర ప్రైమరీ స్కూలుకెళ్ళి పెన్సిల్‌తో గుర్తు పెట్టి వచ్చాడు. గ్లాస్గోలో పుట్టిన నాకు ఓటు లేదు.

రూలు అది. అక్కడ నివాసం ఉన్నవాళ్ళకే ఓటు. బ్రిటిష్ వాళ్ళు, ఐర్లాండ్ వాళ్ళు, యూరోపియన్ యూనియన్ వాళ్ళు, మనలాంటి కామన్వెల్త్ దేశాల నుంచి వచ్చి చట్టప్రకారం ఉంటున్నవాళ్ళు, అందరికీ. పదహారేళ్ళు నిండిన పిల్లలకి కూడా ఇచ్చారు. స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో ఉంటున్న పోలండ్ కుర్రాడు ఓటేశాడు. బహామాస్‌లో ఉన్న స్కాట్లాండ్ సినిమా నటుడు షాన్ కానరీ, జీవితమంతా స్వాతంత్ర్యం కావాలన్న మనిషి, వేయలేకపోయాడు. గ్లాస్గోలోనే పుట్టిన టెన్నిస్ ఆటగాడు ఆండీ మర్రీ అప్పటికి ఇంగ్లండ్‌లో ఉంటున్నాడు, ఆయనకీ లేదు. ఇంగ్లండ్‌లో స్థిరపడ్డ స్కాట్లాండ్ పుట్టుకవాళ్ళే ఏడు లక్షల పైచిలుకు, ఒక్కరికీ లేదు. మీ వ్యాసకర్త చెప్పిన నలుమూలల స్కాట్‌లు వీళ్ళేనా?

నాకు బాధ లేదని చెప్పను. ఆ రాత్రి నిద్రపోలేదు. అక్కడ పోలింగ్ పది గంటలకు ముగిసేసరికి మనకి తెల్లవారుజామున రెండున్నర. గ్లాస్గో ఇంట్లో అమ్మ ఫ్రిజ్ మీద 'యస్' అని నీలం స్టిక్కరు అంటించింది. నాన్న రోజూ సాయంత్రం దాని మీద తన డెంటిస్టు అపాయింట్‌మెంట్ కార్డు అయస్కాంతంతో పెట్టి కప్పేసేవాడట. పొద్దున అమ్మ తీసేది. ఆయన ఎటు వేశాడని ఫోన్ చేసి అడిగితే, "రహస్య ఓటింగ్ తల్లీ. అయినా అక్కడ కూర్చుని అడగడానికి నువ్వెవరివే?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఫోన్ పెట్టేసి చాలాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

పొద్దున్నే చిన్న జిల్లా ఒకటి, క్లాక్‌మనన్‌షైర్, మొదటి ఫలితం ఇచ్చింది. 'కాదు' గెలిచింది. మొత్తం 32 స్థానిక కౌన్సిళ్ళలో నాలుగింట మాత్రమే 'అవును': గ్లాస్గో, డండీ, ఇంకో రెండు. మా ఊరు అవునంది, నేను లేకుండానే. మన టైం పది దాటేసరికి కథ ముగిసింది. 'కాదు' 55.3 శాతం, 'అవును' 44.7. పోలింగ్ 84.6 శాతం. మన నగరాల్లో సెలవు ఇచ్చినా ఎంతమంది బూత్‌కి వస్తారో మీ పేపరే ప్రతిసారీ రాస్తుంది కదా. అక్కడ సెలవు కూడా లేదు, పనిరోజే.

ఇన్నేళ్ళ తర్వాత చెప్తున్నాను, ఆ రూలు సరైనదే. నాన్న ఆ ఊరికి కౌన్సిల్ టాక్స్ కడుతున్నాడు, ఆ చలిలో ఆ బస్సుకే నిలబడుతున్నాడు. రేపు పౌండు మారినా, పెన్షన్ ఆగినా పడేది ఆయన. నేను ఇక్కడ ఏసీ గదిలో కూర్చుని ఉద్వేగపడేదాన్ని. పుట్టుక చూసి ఓటివ్వడం మొదలుపెడితే ముత్తాత ఫలానా పల్లెవాడని కెనడా నుంచి కూడా లైను కడతారు. నాకు మండేది రూలుకి కాదు, రూలేమిటో కనుక్కోకుండా రాసేవాళ్ళకి.

అసలు తమాషా 2016లో. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా వద్దా అన్న ఓటుకి విదేశాల్లో ఉన్న బ్రిటిష్ వాళ్ళకి, దేశం వదిలి పదిహేనేళ్ళు దాటకపోతే, అవకాశం ఇచ్చారు. నా తరఫున నాన్నే ప్రాక్సీ వేశాడు. మా ఊరు దేశం కావాలా అంటే నన్ను అడగలేదు, ఊరితో సహా దేశమంతా యూరప్ నుంచి బయటికి పోవాలా అంటే అడిగారు. ఈసారి ఓటివ్వకుండా నోరు మూయించింది పోలండ్ కుర్రాడిది. 2014లో "బ్రిటన్‌లో ఉంటేనే యూరప్‌లో ఉంటారు" అని ప్రచారం చేసి ఓట్లడిగారు, రెండేళ్ళకి స్కాట్లాండ్ 62 శాతం ఉంటామన్నా బయటికి లాక్కెళ్ళారు. స్కాట్లాండ్ ప్రభుత్వం మళ్ళీ ఓటు పెడతామంటే 2022 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు, లండన్ పార్లమెంటు ఒప్పుకోకుండా కుదరదంది. ఈ ముక్క మీ రెండు పేజీల వ్యాసంలో ఒక్క లైను కూడా లేదు. అక్కడి మగవాళ్ళు సంప్రదాయంగా కట్టే కిల్టు మీద మాత్రం పేరా ఉంది. దాన్ని 'స్కర్టు' అన్నారు.

ఇక చివర్లో మీవాడు తేల్చిన మాట: "మనకూ 2014లో ఇలాంటి ఓటు పెట్టి ఉంటే పీడా పోయేది." అంత తేలిగ్గానా? విభజన మంచిదా చెడ్డదా అన్న జోలికి నేను పోను. మా అత్తగారిది నల్లగొండ, మాది తెనాలి, ఒకే డైనింగ్ టేబుల్. ఆ ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు పాసవుతుండగా టీవీలో ప్రసారం ఆగిపోతే మా అత్తగారు రిమోట్‌లో బ్యాటరీలు మార్చారు. ఆ సంవత్సరం నా రెండు ఊళ్ళ సంగతీ తేలిపోయింది, రెంటిలోనూ నాకు ఓటు లేదు. కాబట్టి పక్షపాతం అంటగట్టకండి.

ఓటు పెడితే ఎవరికి పెడతారు? స్కాట్లాండ్‌లో స్కాట్లాండ్ వాళ్ళనే అడిగారు, ఇంగ్లండ్‌ని అడగలేదు. ఆ లెక్కన తెలంగాణలో మాత్రమే ఓటు. అందులోనూ నివాసమే లెక్క. అంటే కూకట్‌పల్లిలో ఉన్న తెనాలివాడికి ఓటు ఉంటుంది, బెంగళూరులో ఉద్యోగం చేసే నల్లగొండవాడికి ఉండదు. ఇందులో ఎవరు దేనికి ఒప్పుకునేవారు? ప్రశ్న ఎవరు రాసేవారు? అక్కడ మొదట "స్కాట్లాండ్ స్వతంత్ర దేశం కావాలని ఒప్పుకుంటారా" అని రాస్తే, 'ఒప్పుకుంటారా' అంటేనే అవునని నోటికి అందించినట్టుందని ఎన్నికల సంఘం చెప్పి తీయించింది. స్కాట్లాండ్, బ్రిటన్ ప్రభుత్వాలు 2012 అక్టోబరులో సంతకాలు పెట్టుకుని, దాదాపు రెండేళ్ళు వీధివీధినా వాదించుకున్నాకే ఓటు జరిగింది. ఇక్కడ అసెంబ్లీ జనవరి 30న బిల్లు వద్దన్నా, రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం వాళ్ళ అభిప్రాయం అడగడం వరకే, వినక్కర్లేదు. మీ వ్యాసకర్త ఈ తేడా రాయాల్సింది.

ఓటరు జాబితాల సంగతంటారా, అది ఇంకో రామాయణం. ఓసీఐ కార్డుకి ఇక్కడ ఓటు లేదు. నేనెన్నడూ అడగలేదు. ఒకసారి ఎవరో ఇంటికొచ్చి అందరి పేర్లూ రాసుకెళ్ళారు, నా పేరు జాబితాలో తేలింది, మా అత్తగారి పేరు గల్లంతు! నల్లగొండలో పుట్టి, డెబ్భై ఏళ్ళుగా ఈ నేల దాటని మనిషి. నా పేరు తీసేయమని ఫారం 7 పట్టుకెళ్తే, "ఉన్న ఓటు ఎవరైనా తీసేయమంటారా మేడం?" అని నన్నే వింతగా చూశారు. "నేను ఇక్కడి పౌరురాలిని కాదండీ" అంటే, "తెలుగు బాగానే మాట్లాడుతున్నారుగా" అన్నారు. నాలుగుసార్లు తిరిగాను. అత్తగారి పేరు ఎక్కడానికి ఆరుసార్లు.

ఒకప్పుడు మా అమ్మమ్మ మీ పేపరు చదివే నాకు అక్షరాలు నేర్పింది. రష్యా ఎక్కడుందో, రోడేషియా ఎక్కడుందో చిన్న మ్యాపు వేసి మరీ చెప్పేవారు. ఇప్పుడు మ్యాపుల చోట ప్లాట్ల ప్రకటనలు. ఎడిన్‌బరాని 'ఎడిన్‌బర్గ్' అని రాశారు, సరే, అందరూ అలాగే రాస్తున్నారు. స్కాట్లాండ్‌ని "ఇంగ్లండ్‌లోని ఉత్తర రాష్ట్రం" అన్నారు చూడండి, అది మాత్రం గ్లాస్గోలో ఎక్కడైనా గట్టిగా చదివి క్షేమంగా బయటికి రండి చూద్దాం.

సవరణ వేస్తారన్న ఆశ పెద్దగా లేదు. వేస్తే ఫొటో కూడా మార్చండి. ఆ పేజీ ఫొటో తీసి, నూనె మరకలతో సహా, వాట్సాప్‌లో నాన్నకి పంపాను. ఎనభై దాటినా రోజూ తెలుగు పేపరు చదువుతాడు. నీలం టిక్కులు పడి రెండు రోజులైంది, జవాబు లేదు. ఎర్ర పెన్ను వెతుక్కుంటున్నాడేమో.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
హైదరాబాద్