స్టూడియో ప్రాక్టికల్స్ లేకుండానే ముగించిన సౌండ్ ఇంజనీరింగ్ కోర్సు, ఫీజు వాపసు గురించి

మేనేజర్ గారికి,

నమస్తే అండి. మీ రాజమండ్రి బ్రాంచిలో ఏడాది సౌండ్ ఇంజనీరింగ్ డిప్లొమా చేసిన విద్యార్థినిని. మాది రాజోలు దగ్గర ఊరు. నాన్నగారు డోలు వాయిస్తారు, పెదనాన్నగారిది సన్నాయి. ఫీజు 85,000 రూపాయలు, దాళ్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చిన వారంలోనే ఒకేసారి కట్టించుకున్నారు. కోర్సు అయిపోయింది, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, చేరేటప్పుడు చెప్పిన స్టూడియో ప్రాక్టికల్స్ మాత్రం జరగలేదు.

మీ బ్రోచర్‌లో ప్రతి విద్యార్థికీ 100 గంటల స్టూడియో టైమ్ అని ఉంది. జరిగిందేమిటంటే, ఒక గదిలో ప్రొజెక్టర్ పెట్టి, సార్ ప్రో టూల్స్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి, ఎవరో ఎక్కడో రికార్డ్ చేసిన ట్రాకులకి ఈక్యూ (హెచ్చు, తగ్గు స్వరాల పాళ్లు సరిచేయడం), కంప్రెషన్ (మరీ పెద్ద, చిన్న శబ్దాల తేడా తగ్గించడం) ఎలా వేయాలో చూపిస్తుంటే మేమంతా నోట్సు రాసుకున్నాం. సార్ మంచివారే, ఆయన్ని ఏమీ అనడం లేదు, ఆయన చేతికి మీరు రెండు మైకులు కూడా ఇవ్వలేదు. స్టూడియోని బయటవాళ్లకి గంటల లెక్కన అద్దెకిచ్చుకుంటూ, అడిగినప్పుడల్లా "ఈ వారం బుకింగ్ ఉందమ్మా, వచ్చే వారం చూద్దాం" అనేవారు. ఆ వచ్చే వారం రానేలేదు.

రికార్డింగ్ మైకు దగ్గర మొదలయ్యే పని కదండీ. సన్నాయి శబ్దం కింద గరాటులా ఉండే చివర నుంచే కాదు, వేళ్లు పెట్టే రంధ్రాల నుంచి కూడా వస్తుంది. మైకుని ఆ గరాటుకి ఎదురుగా దగ్గరగా పెడితే చెవులు చిల్లులు పడతాయి, కాస్త వెనక్కి జరిపి పక్కగా పెడితే వాద్యం మొత్తం వినిపిస్తుంది. ఎంత వెనక్కి అనేది గదిని బట్టి, వాయించే మనిషిని బట్టి మారుతుంది, జరిపి, హెడ్‌ఫోన్స్‌లో విని, మళ్లీ జరిపితేనే పట్టుబడుతుంది. డోలుకి రెండు వైపులా రెండు మైకులు పెట్టి కలిపితే ఒక్కోసారి మోత పలచబడిపోతుంది, రెండు మైకుల్లోని తరంగాలు ఒకదాన్నొకటి తగ్గించుకునే ఫేజ్ సమస్య అంటే అదే. పరీక్షలో దాని నిర్వచనానికి నాకు పూర్తి మార్కులు వేశారు, ఒక్కసారి కూడా వినిపించలేదు. కండెన్సర్ రకం మైకుకి కేబుల్ గుండానే అందే 48 వోల్టుల కరెంటు, అంటే ఫాంటమ్ పవర్ కావాలని మీ దగ్గర రాసుకున్నాను, ఆ బటన్ నొక్కేముందు ఫేడర్ (శబ్దం పెంచి తగ్గించే మీట) దించాలని, లేకపోతే స్పీకర్లలో ఢామ్మంటుందని పాలకొల్లులో చిన్న స్టూడియో నడిపే ఆయన చెబితే తెలిసింది. కేబుల్ మోచేతికి చుట్టకూడదని, లోపల తీగ మెలిపడి పాడవుతుందని చేత్తో చుట్టి చూపించింది కూడా ఆయనే, పైసా తీసుకోకుండా.

ఇంకోటి. మీ కౌన్సెలర్ గారు నాన్నగారితో పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ కోర్సూ ఇదీ ఒకటే అన్నారు. అక్కడ సౌండ్ కోర్సు మూడేళ్లు, డిగ్రీ ఉండాలి, ఎంట్రన్స్ రాయాలి, 2009లో సౌండ్ మిక్సింగ్‌కి ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి గారు చదివింది అక్కడే. రెండూ ఒకటెలా అవుతాయి? డిగ్రీ పూర్తిచేసి ఆ ఎంట్రన్స్ రాయొచ్చని, లేదంటే ఏదైనా స్టూడియోలో అసిస్టెంటుగా చేరి పని నేర్చుకోవచ్చని నిజం చెప్పి ఉంటే మేం ఆలోచించుకునేవాళ్లం. మా కోనసీమ పల్లెల్లో పిల్లలకి ఈ దారులు చెప్పేవాళ్లు తక్కువ. తెలియదు కదా అని ఏది పడితే అది చెప్పి ఫీజు కట్టించుకోవడం చాలా అన్యాయం. ఇక ప్లేస్‌మెంట్ అని పంపింది కాల్ సెంటర్ ఇంటర్వ్యూకి.

నేను అడిగేది రెండిట్లో ఒకటి. రాతపూర్వకంగా టైమ్‌టేబుల్ ఇచ్చి, మైకులు, వాద్యాలతో ఆ 100 గంటలూ స్టూడియోలో నేర్పించండి, వాయించడానికి ఎవరూ దొరకకపోతే మా నాన్నగారు, పెదనాన్నగారు వస్తామన్నారు. కుదరదంటే సగం ఫీజు వెనక్కి ఇవ్వండి. నా బ్యాచ్‌లో మిగతావాళ్లకీ ఇదే వర్తించాలి. 15 రోజుల్లో జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తాను, అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. ఫోన్‌లో కాకుండా రాసి పంపండి. ఫీజు రసీదు, బ్రోచర్ ఫోటోలు, మీ ఆఫీసు వాట్సాప్ మెసేజ్‌లు దీంతో జతచేశాను.

ఇట్లు,
మీ రాజమండ్రి బ్రాంచి విద్యార్థిని