ఆదివారం ఒక పేజీ మాంత్రికులకు కేటాయించండి

సంపాదకులకు నమస్కారం.

పన్నెండు నుంచి పదహారేళ్ల లోపు పిల్లలు చదవదగిన ఫాంటసీ సిరీస్‌ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని నేను, మా అమ్మాయి, ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు ముగ్గురమూ చదివాం. అందులో పేర్కొన్నవన్నీ ఇంగ్లీషు పుస్తకాలే కావడం మనవరాలికి వింతగా తోచలేదు, నాకు తోచింది. ముప్పై ఏళ్లకు పైగా ఈ నగరంలో తెలుగు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, తెలుగు పేరు ఒక్కటైనా లేదేమని ఫిర్యాదు చేయడానికే రాస్తున్నానని మీరనుకోవచ్చు. ఫిర్యాదు కొంత ఉన్నమాట నిజమే గాని, దాని వెనుక ఒక విన్నపం కూడా ఉంది.

ఇంగ్లీషు పుస్తకాలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. హ్యారీ పోటర్ ఏడు పుస్తకాలు 1997 నుంచి 2007 వరకు పదేళ్ల పాటు వచ్చాయి. మొదటి పుస్తకంలో పదకొండేళ్లున్న పిల్లవాడు చివరి పుస్తకానికి పదిహేడేళ్లవాడవుతాడు. వాడి వయసుతో పాటు కథలోని చీకటి కూడా చిక్కబడుతూ వస్తుంది. మా అమ్మాయి వాడితో పాటే పెరిగింది. ఆఖరి పుస్తకం విడుదలైన రోజు తెల్లవారుజామునే వాళ్ల నాన్నను లేపి పుస్తకాల దుకాణం ముందు వరుసలో నిలబెట్టింది. అంతగా ఎదురుచూసి చదివిన తరం పుస్తకాన్ని వదిలిపెట్టదన్న నమ్మకం నాకు అప్పుడే కలిగింది.

ఇప్పుడు మనవరాలికి ఇష్టమైనది రోషనీ చోక్షీ రాసిన ఆరు షా సిరీస్. 2018లో మొదలై 2022లో ఐదో పుస్తకంతో ముగిసిన ఈ కథలో, అట్లాంటా నగరంలోని ఒక మ్యూజియంలో ఉన్న శాపగ్రస్తమైన దీపాన్ని ఒక అమ్మాయి వెలిగించడంతో గొడవంతా మొదలవుతుంది; పాండవుల అంశతో పుట్టినవాళ్లు ఈ కాలపు పిల్లలుగా కనిపిస్తారు, మినీ అనే అమ్మాయి వాళ్లలో ఒకతె. ఒక సాయంత్రం మనవరాలు ఆ పుస్తకాన్ని వేలు పెట్టి పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "అమ్మమ్మా, ధర్మరాజు పాండవుల్లో ఒకడు కదా, మరి ఈ మినీకి నాన్న ఎట్లా అవుతాడు?" అని అడిగింది. ఆ పుస్తకంలో ధర్మరాజు అంటే యముడు. మనం ఆయనను యమధర్మరాజు అంటామని, ఉట్టి ధర్మరాజు అంటే యుధిష్ఠిరుడు గుర్తుకు వస్తాడని, ఆయన యముడి వరప్రసాదమే కనుక పుస్తకంలోని లెక్క తప్పేమీ కాదని నేను విడమరిచి చెప్పేసరికి పొయ్యి మీద పోపు మాడిపోయింది. మన అటక మీది సామానే సముద్రాలు దాటి, ఇంగ్లీషు అట్ట వేసుకుని మన పిల్లల చేతికి వస్తోంది. అందుకు ఆ రచయిత్రిని మెచ్చుకోవలసిందే. అయితే ఆ సామానును తెలుగులో దించి దుమ్ము దులిపేవారు ఇప్పుడెందుకు లేరన్నదే నా బాధ.

ఒకప్పుడు ఉండేవారు. 1947 జూలైలో మొదలైన చందమామలో 1954 నుంచి దాసరి సుబ్రహ్మణ్యం గారు వరుసగా సీరియళ్లు రాశారు. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం, మాయాసరోవరం: ఈ పేర్లు చదువుతుంటేనే నా ఈడువాళ్లలో చాలామందికి ఒళ్లు జలదరిస్తుంది. విచిత్రమేమిటంటే, ఆ సీరియళ్ల మీద రచయిత పేరు ఉండేది కాదు. బొమ్మల కింద "చిత్ర" అన్న సంతకం మాత్రం కనిపించేది గనుక, కథ కూడా ఆయనే రాస్తాడని చిన్నప్పుడు నేను చాలాకాలం అనుకున్నాను. చందమామ అనేక భాషల్లో వెలువడేది. తెలుగులో పుట్టిన మన మాంత్రికులు ఆ భాషల పిల్లలను కూడా భయపెట్టి, నవ్వించారు. అంటే ఫాంటసీని దిగుమతి చేసుకోవడం మనకు కొత్త. ఎగుమతి చేయడమే పాత.

మా నాన్నగారు ప్రతి సంచిక నుంచి సీరియల్ పేజీలను జాగ్రత్తగా వేరుచేసి, కథ పూర్తయ్యాక దబ్బనంతో, పురికొసతో కుట్టి, పెళ్లి శుభలేఖల అట్టలు అతికించి పుస్తకంగా చేసేవారు. అలా కుట్టిన యక్షపర్వతం నా దగ్గర ఇప్పటికీ ఉంది. రెండు మూడు చోట్ల పేజీలు ముందు వెనుకలయ్యాయి, ఒకచోట మైదా జిగురు రుచి చూసిన పురుగు కథానాయకుల్లో ఒకడైన ఖడ్గవర్మ కత్తిని సగం తినేసింది. గత వేసవిలో దానిని మనవరాలి ముందు పెట్టాను. తెలుగు దానికి బడిలో మార్కుల కోసం చదివే భాష. ఒత్తుల దగ్గర తడబడుతుంది. మొదటి రెండు రాత్రులు నేనే పైకి చదివి వినిపించాను. మూడో రాత్రి ఖడ్గవర్మ, జీవదత్తుడు ఇక తప్పించుకోలేరనుకునే చోట ఆపి, కళ్లు నొప్పిగా ఉన్నాయని పడుకున్నాను. నిజానికి నొప్పేమీ లేదు. అర్ధరాత్రి దాటాక కూడా పక్క గదిలో దీపం వెలుగుతూనే ఉంది. పొద్దున కాఫీ దగ్గర అది నన్ను అడిగిన మొదటి ప్రశ్న "తరువాతి భాగం ఏది?" అని కాదు. "ఇందులో అమ్మాయిలు ఎందుకు లేరు?" అని.

ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు. ఖడ్గవర్మ, జీవదత్తుడు, శిఖిముఖి, విక్రమకేసరి, జయశీలుడు, సిద్ధసాధకుడు: దాసరి వారి సీరియళ్లలోని ఈ జంటల స్నేహం, సాహసం, మాటల్లోని చమత్కారం నాకు ఎంత ఇష్టమైనా, రాజకుమార్తె అనగానే ఎవరో ఎత్తుకుపోవడానికి, ఇంకెవరో విడిపించడానికి అన్నట్టే సాగుతుంది వ్యవహారం. అడవి జాతుల వర్ణన కూడా ఈ రోజున ముల్లులా గుచ్చుకునే చోట్లున్నాయి. కాబట్టి పాతవాటినే మళ్లీ అచ్చువేసి చేతులు దులుపుకుందామని నేను అనడం లేదు. దాసరి వారు 2010లో కన్నుమూసిన తరువాత అభిమానుల పూనికతో ఆ సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి. వాటిని కొని దాచుకున్నది ఎక్కువగా నాలాంటి తలనెరిసినవాళ్లేనని నా అనుమానం.

పిల్లలకు అవి దొరికే చోటు ఏదని కూడా చూశాను. మా ప్రాంతపు శాఖా గ్రంథాలయంలో బాలల బీరువాకు తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న ఉద్యోగి సెలవులో ఉన్నారట. చదువుల గదిలో మాత్రం పోటీ పరీక్షల అభ్యర్థులు కిక్కిరిసి ఉన్నారు. వారి అవసరాన్ని నేను కాదనను. కానీ ఆస్తి పన్నుతో పాటు నూటికి ఎనిమిది రూపాయల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్న ఇంట్లో పదమూడేళ్ల పిల్ల కూడా ఉందని ఎవరికైనా గుర్తుండాలి కదా. ఇక పెద్ద దుకాణాల్లో తెలుగు అర వెతికితే, పంచతంత్రం బొమ్మల పుస్తకాల పక్కనే వ్యక్తిత్వ వికాసం మొదలవుతుంది. ఆ రెంటి మధ్య వయసు తెలుగులో ఎవరికీ కనబడదు. 2018లో వచ్చిన చట్టంతో తెలంగాణలోని అన్ని బోర్డుల బడుల్లోనూ తెలుగు తప్పనిసరి పాఠ్యాంశమైంది. పాఠ్యపుస్తకం మూసిన తరువాత చదవడానికి ఏముందన్నది మాత్రం చట్టం చూసుకునే పని కాదు.

నా విన్నపం ఇక్కడే. మీ ఆదివారం అనుబంధంలో ఈ వయసు పిల్లల కోసం ఒక పేజీ కేటాయించి, బొమ్మలతో, వారం వారం, కనీసం ఏడాది పాటు సాగే కొత్త ఫాంటసీ సీరియల్ ప్రచురించండి. వెయ్యి ప్రతులు అమ్ముడుపోతేనే గొప్ప అనుకునే పరిస్థితిలో, ముక్కూ మొహం తెలియని రచయిత ఐదు పుస్తకాల సిరీస్‌ను ఏ ప్రచురణకర్త నెత్తికెత్తుకుంటాడు? పత్రికకైతే పాఠకులు ముందే ఉన్నారు, రచయితకు వారం వారం ఎంతో కొంత పారితోషికం అందుతుంది, పిల్లలకు ఎదురుచూపు అలవడుతుంది. తెలుగులో ఫాంటసీ బతికినంత కాలం సీరియల్‌గానే బతికింది. కాశీమజిలీ కథల్లో కూడా మణిసిద్ధుడు దారి పొడవునా మజిలీకొక కథ చెబితేనే కదా గోపకుమారుడు కాశీ దాకా నడిచింది.

కథకు సరుకు కావాలంటే హైదరాబాదు దాటనక్కరలేదు. గోలకొండలో ఫతే దర్వాజా కింద చప్పట్లు కొడితే కొండ మీది బాలాహిసార్‌లో వినబడుతుంది. కింద ఎవరూ లేని రాత్రి పైన చప్పట్లు వినబడితే ఏమవుతుందన్న ఒక్క ప్రశ్న చాలు, మొదటి వారం గడిచిపోతుంది. 1908 సెప్టెంబరులో మూసీ పొంగినప్పుడు నూట యాభై మందికి పైగా ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆ చెట్టుకు నోరుంటే ఒక ఏడాది కథ అదే చెబుతుంది. కోట్ల ఏళ్ల వయసున్న మన గుండ్లను, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే ఆ రాళ్లను, పేర్చినవాడెవడో ఎవరైనా రాయకూడదా? అందులోని పిల్లలు ఈ నగరపు పిల్లలు మాట్లాడే తెలుగే మాట్లాడాలి; ముందు నడిచేవాళ్లలో ఒక అమ్మాయి ఉండాలి. ఈ రెండో షరతు నాది కాదు, మనవరాలిది.

మరొక చిన్న కోరిక. ఆ పేజీకి వెనుక వైపు కూడా కథే వచ్చేలా చూడండి, ప్రకటన వద్దు. అంచున కుట్టడానికి బొటనవేలంత ఖాళీ వదలండి. దబ్బనం నా దగ్గర ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని,
నల్లకుంట, హైదరాబాదు.